జ్ఞానులు దారి అడిగిన ఇల్లు

నేను ముప్పై ఏళ్ళకు పైగా పాస్టరుగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం పాశమైలారం ఫ్యాక్టరీల పక్కనున్న ఒక ఊళ్ళోనే గడిచింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు నా దగ్గరకు వచ్చి, ప్రసంగం ఎలా తయారు చేసుకోవాలి, సంఘ పెద్దలతో ఎలా వేగాలి అని అడుగుతుంటారు. వాటికి జవాబులు పుస్తకాల్లో దొరుకుతాయి. నా బదిలీల గురించీ, పై ఆఫీసు ఉత్తరాల గురించీ రాసి మీ ఓపికను పరీక్షించను. ప్రతి డిసెంబరులో ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. యేసు పుట్టినప్పుడు చుక్కను చూసి తూర్పు నుంచి వచ్చిన ఆ జ్ఞానులు అసలు ఎవరు? నేను చేసిన అతి పెద్ద తప్పు ఆ ప్రశ్నతోనే ముడిపడి ఉంది. దాన్ని రాయడానికి ఇప్పటికీ నా చెయ్యి వెనకాడుతుంది.

గురువుగారి ప్రశ్న

వేదాంత కళాశాలలో మాకు సువార్తలు చెప్పిన దేవసహాయం గారు చాలా సన్నగా, చాలా కటువుగా ఉండేవారు. జ్ఞానుల పాఠం వచ్చిన రోజు ముగ్గురు రాజుల బొమ్మ ఉన్న గ్రీటింగు కార్డు ఒకటి పట్టుకొచ్చి, ఇందులో లేఖనంలో ఉన్నదెంత, మనం కలుపుకున్నదెంత అని అడిగారు. చివరికి ఆ కార్డులో మిగిలింది చాలా తక్కువ. వాళ్ళు రాజులని లేఖనం చెప్పలేదు. ముగ్గురనీ చెప్పలేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని కానుకలు మూడు ఉన్నాయి కాబట్టి మనుషులను కూడా మూడు చేశాం. కొన్ని తూర్పు సంఘాలవాళ్ళు పన్నెండుమంది అంటారు. పేర్లు, కిరీటాలు, ఒంటెలు తర్వాతి కాలం వాళ్ళ చలవ.

మరి ఎవరు? గ్రీకులో వాళ్ళను మాగోయ్ అన్నారు. పారశీక దేశంలో అగ్నిని కొలిచే పూజారి వర్గానికి ఆ పేరుండేది. నక్షత్రాలు చూడటం, కలలకు అర్థం చెప్పడం వాళ్ళ పని. తర్వాత్తర్వాత జాతకాలు చెప్పేవాళ్ళందరినీ ఆ మాటతోనే పిలిచారు. సాంబ్రాణి తెచ్చారు కాబట్టి అరబ్బు దేశం వాళ్ళని కొందరు, నక్షత్రాల లెక్క తెలుసు కాబట్టి బబులోను వాళ్ళని కొందరు వాదిస్తారు. ఇవన్నీ చెప్పి గురువుగారు, ఖాయంగా తెలియదని చెప్పడం నేర్చుకోండి, పాస్టరుకు అన్నిటికన్నా కష్టమైన మాట అదే అన్నారు.

తర్వాత నన్ను లేపి జ్ఞానులు చేసిన తప్పేమిటో చెప్పమన్నారు. తప్పేమీ లేదండీ, మంచి పనికే వచ్చారు కదా అన్నాను.

"ఆకాశంలో చుక్కను సరిగ్గానే చూశారు. చిరునామా మాత్రం రాజు ఇంట్లో అడిగారు. వాళ్ళ దేశంలో వాళ్ళు కొలువు మనుషులు, ఏదైనా రాజుతోనే మాట్లాడే అలవాటు. బిడ్డ దొరకక ఆ రాజు ఊళ్ళో పసివాళ్ళందరినీ చంపించాడు. ఆ అలవాటు ఖరీదు ఎంతో బెత్లెహేము తల్లులను అడుగు," అన్నారు గురువుగారు.

నేను ఆ మాటను నోటుపుస్తకంలో రాసుకుని కింద గీత కూడా గీశాను. పరీక్షలో వస్తుందనుకున్నాను.

మూడు కిరీటాలు

ఎనభైల చివర్లో ఆ ఊరికి వెళ్ళాను. సంఘంలో అందరూ కూలిపనుల నుంచి ఫ్యాక్టరీ పనులకు మళ్ళినవాళ్ళే. సంఘ పెద్ద శాంతయ్య. చర్చిని అక్కడ గుడి అనే అంటారు. క్రిస్మస్ పండుగ మధ్యాహ్నం గుడి ముందు డ్రామా వేయడం అక్కడ ఆనవాయితీ. జ్ఞానులు దారి అడిగిన ఆ రాజు, హేరోదు వేషం ఎప్పుడూ శాంతయ్యదే. జ్ఞానులు మాత్రం వీధి భాగవతం కిరీటాలు పెట్టుకుని, భుజకీర్తులు కట్టుకుని దిగేవాళ్ళు. ఆ సామాను నర్సింలుది. వాళ్ళది తరాలుగా సేద్యం చేసుకునే హిందూ కుటుంబం. వాళ్ళ నాయన భాగవతంలో రాజు వేషాలు వేసేవాడు. నాయన పోయాక ఆట ఆగింది, రేకుపెట్టె మిగిలింది. డిసెంబరు రాగానే నర్సింలు దాన్ని సైకిల్ మీద పెట్టుకుని మా గుడికి తెచ్చి ఇచ్చేవాడు. పెట్టెలో కిరీటాలు మూడే ఉన్నాయి, కాబట్టి ఆ ఊళ్ళో జ్ఞానులు కూడా ముగ్గురే.

నేను కొత్త చదువు తలకెక్కినవాణ్ణి. వాళ్ళు రాజులు కారు, ముగ్గురని రాసి లేదు, కిరీటాలు వద్దు అన్నాను. శాంతయ్య ముఖం మాడ్చుకున్నాడు. నర్సింలు మాత్రం పెట్టె మీద చెయ్యి వేసుకుని నిలబడి, మరి గాళ్ళెవరు అయ్యగారూ అని నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. గురువుగారు చెప్పినదంతా చెప్పాను. నిప్పుకు మొక్కేవాళ్ళు, మన మతం కానివాళ్ళు, అయినా కానుకలు పట్టుకుని వచ్చారని చెప్పాను. చివరికి ఖాయంగా తెలియదని కూడా ఒప్పుకున్నాను.

"తెల్వనోళ్ళకు కిరీటం పెడితే తప్పేంది అయ్యగారూ," అన్నాడు నర్సింలు.

నాకు నవ్వొచ్చింది. కిరీటాలు ఉండిపోయాయి. ఆ రోజు నుంచి మేమిద్దరం స్నేహితులమయ్యాం.

పెద్దమనిషి గది

పాస్టరు చేసే పనుల్లో సగం ప్రార్థన కాదు, రాయబారం. ఎవరి కొడుకును పనిలోంచి తీసేసినా, ఎవరి గోడ కూలినా, అయ్యగారు వెళ్ళి పెద్దమనిషితో ఒక మాట మాట్లాడి రావాలి. పటేలు దగ్గరకు, సర్పంచి దగ్గరకు, ఫ్యాక్టరీలు వచ్చాక మేనేజర్ల దగ్గరకు వెళ్ళేవాణ్ణి. తెల్ల లాల్చీ వేసుకుని వెళితే కుర్చీ వేసేవాళ్ళు. ఆ కుర్చీ రుచి నాకు పడింది. నాతో మాట్లాడితే ఎవరైనా మెత్తబడతారని నమ్మాను.

నర్సింలు పక్కనే ఉన్న ఒక మందుల కంపెనీలో బాయిలర్ పొయ్యిలోకి ఊక ఎత్తే పని చేసేవాడు. ఒక డిసెంబరు మొదట్లో కిరీటాల పెట్టె దించి, నీళ్ళు అడిగి తాగి కూర్చున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. కంపెనీవాళ్ళు విషపు నీళ్ళను ట్యాంకర్లలో బయటకు పంపడం మానేసి, ఎండిపోయిన బోరులోకి వదులుతున్నారు. ఆ బోరు ఊక కుప్ప కింద ఉంది. ఊక జరిపి, బండ తీసి, పైపు పెట్టి, మళ్ళీ ఊక కప్పుతారు. ఆ కంపెనీ గోడ అవతలే నర్సింలు పొలం. బావిలో నీళ్ళు ఎర్రబడ్డాయి. కడుపుతో ఉన్న రెండు బర్రెలు ఈసుకుపోయాయి, దూడలు దక్కలేదు. ఆ నీళ్ళే ఇంట్లో అందరూ తాగుతున్నారు.

"నా నోట్లకెల్లి వచ్చిందని తెలిస్తే నన్ను బతకనియ్యరు అయ్యగారూ. మీకొక్కరికే చెప్పిన," అన్నాడు.

నేను అతనికి మాటిచ్చాను. మాట తప్పలేదు కూడా. మర్నాడు లాల్చీ ఇస్త్రీ చేయించుకుని మేనేజరు దగ్గరకు వెళ్ళి, ఎవరి పేరూ చెప్పకుండా విషయం మాత్రమే చెప్పాను.

ఆయన చాలా మర్యాదస్తుడు. మా గుడికి ట్యూబులైట్లు పెట్టించాడు. ఆ ఏడాది పండుగకు ముఖ్య అతిథిగా రమ్మని అంతకుముందే పిలిచి ఉన్నాం. చల్లటి గదిలో టీ తెప్పించి, నా మాటలు అడ్డు తగలకుండా విన్నాడు. అలాంటిదేమీ లేదండీ, ఏ బోరు అంటున్నారు అని అడిగాడు. అబద్ధమాడుతున్నాడనిపించి నాకు పౌరుషం వచ్చింది. ఊక కుప్ప కింద, బండ తీస్తే కనిపించే బోరు అన్నాను.

ఆయన కప్పు కింద పెట్టాడు. ముఖంలో ఏ మార్పూ లేదు.

"ఎవరో మా మేలు కోరి చెప్పినట్టున్నారు. మీరు నెమ్మదిగా కనుక్కుని నాకు ఆ పేరు చెప్పండి పాస్టరుగారూ. నేనే వచ్చి ఆ మనిషికి దండం పెడతాను," అన్నాడు.

చెప్పనని తల ఊపి బయటపడ్డాను. గేటు దాటి సైకిల్ ఎక్కాక గానీ ఆ మాట ఎక్కడ విన్నానో గుర్తు రాలేదు. ముందు రోజు రిహార్సల్లో విన్నాను. హేరోదు వేషంలో శాంతయ్య తలపాగా సర్దుకుని, మీరు పోయి మంచిగ దేవులాడి నాకు చెప్పుండ్రి, నేను గూడ వచ్చి మొక్కుత అని జ్ఞానులతో అంటాడు. ప్రతి ఏడూ అక్కడ జనం నవ్వుతారు. ఎంత తొక్కినా సైకిల్ కదలనట్టే అనిపించింది.

కాదు అన్న మాట

రెండు రోజులు ఏమీ జరగలేదు. గేటు బయట కుక్క మొరిగినా నేను లేచి చూసేవాణ్ణి. మా ఆవిడ ఏమైందని అడిగితే జ్వరం అన్నాను. మూడో రోజు మధ్యాహ్నం గుడి ముందు జీపు ఆగింది. కంపెనీకి కూలీలను పెట్టే కాంట్రాక్టరు దిగాడు. శాంతయ్య వరండాలో కూర్చుని వెదురు బద్దలతో నక్షత్రం కడుతున్నాడు. కాంట్రాక్టరు బల్ల మీద ఉన్న కిరీటాల్లో ఒకటి తీసి, వేలితో తట్టి చూసి, మళ్ళీ అక్కడే పెట్టాడు.

"నర్సింలు మీ దగ్గరికి వస్తుంటడు గదా అయ్యగారూ. గా ముచ్చట చెప్పింది గాయిననేనా?" అని అడిగాడు.

వెంటనే జవాబు చెప్పాను.

"నర్సింలు కాదు."

"సరే. ఇగ సమజైంది," అన్నాడు. నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

జీపు మలుపు తిరిగాక హమ్మయ్య అనుకున్నాను. మంచి పని చేశాననే అనుకున్నాను. శాంతయ్యకు ఊక సంగతంతా తెలియకపోయినా, ఊళ్ళో ఎవరు ఎక్కడ పనిచేస్తారో తెలుసు. బద్దకు దారం చుట్టడం ఆపి తల ఎత్తాడు.

"ఆడ బాయిలర్ కాడ ఊక ఎత్తేది ఇద్దరే గదా అయ్యగారూ," అన్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని పదిమందికి చెప్పినవాణ్ణి. ఉన్నది ఇద్దరే అయితే, ఒకడు కాదంటే రెండోవాడిని చూపించినట్టే. ఆ రెండో మనిషి ఉన్నాడన్న సంగతే నాకు తట్టలేదు. నర్సింలు చెప్పినప్పుడు నేను అడగలేదు.

షిఫ్ట్ దిగిన నర్సింలును దారిలోనే పట్టుకున్నాను. రెండోవాడు ఒరిస్సా మనిషి, పేరు సుదామ. తల్లికి బాగా లేదని కబురొస్తే పదిరోజుల కింద ఊరికి వెళ్ళాడు. పండుగలోపే తిరిగొస్తానన్నాడు. వాళ్ళ ఊరేదో నర్సింలుకు తెలియదు. కాంట్రాక్టరుకు తెలుసు, కానీ అతన్ని అడగలేం. నర్సింలు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇస్నాపూర్ చౌరస్తా

సుదామ కంపెనీలో అడుగు పెట్టకముందే ఆపాలి, ఇంటికి తిరిగి పంపెయ్యాలి. మాకు తోచింది అంతే. సికింద్రాబాదులో రైలు దిగినవాడు పటాన్‌చెరు మీదుగా ఇస్నాపూర్ చౌరస్తాలోనే బస్సు దిగాలి. నేను రోజూ పొద్దున వెళ్ళి అక్కడ నిలబడేవాణ్ణి. రెండు గంటలకు షిఫ్ట్ దిగి నర్సింలు వచ్చేవాడు. నేను సుదామను ఎప్పుడూ చూడలేదు. ఎడమ చెవికి పోగు ఉంటదని నర్సింలు చెప్పాడు. ఆ వారం రోజులు బస్సు దిగిన ప్రతి మనిషి చెవి వైపూ చూశాను. ఇద్దరు ముగ్గురు నన్ను దొంగ అనుకుని సంచులు దగ్గరకు లాక్కున్నారు.

పోలీసుల దగ్గరకో, కలెక్టరు ఆఫీసుకో ఎందుకు వెళ్ళలేదని మీరు అడగవచ్చు. వెళితే నర్సింలు బయటపడతాడని నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజం ఉంది. అసలు సంగతి, నాకు భయం. జీపు చప్పుడు వింటే లోపలికి వెళ్ళి గడియ పెట్టుకునేవాణ్ణి. మా ఆవిడ కూరగాయలకు వెళ్ళి ఆలస్యమైతే వీధిలోకి పరుగెత్తేవాణ్ణి. ఆదివారం భయపడకుడి అని చెప్పిన నోరు సోమవారం నుంచి శనివారం దాకా భయంతో ఎండిపోయి ఉండేది.

జ్ఞానులు రాజు దగ్గరకు తిరిగి వెళ్ళకుండా వేరే దారిన తమ దేశం చేరారు కదా. సుదామ వేరే దారిన వచ్చాడు. ఒరిస్సాలో కొత్త కూలీలను ఎక్కించుకున్న కాంట్రాక్టరు లారీ ఒకటి అతన్నీ ఎక్కించుకుంది. లారీ చౌరస్తాకు రాకుండా మట్టి రోడ్డు మీదుగా కంపెనీ వెనక గేటులోకి వెళ్ళింది. అప్పుడు నేను చౌరస్తాలో బస్సుల కోసం చూస్తూనే ఉన్నాను.

అతన్ని ఊక దగ్గరకు పంపలేదు. విషపు నీళ్ళ ట్యాంకు అడుగున పేరుకున్న బురద తియ్యమని దింపారు. ముక్కుకు గుడ్డ తప్ప ఏమీ ఇవ్వలేదు. అన్నం వేళకు పైకి రాలేదు. గ్యాసు పట్టి పోయాడని చెప్పారు. సర్కారు దవాఖానకు తీసుకువెళ్ళేసరికే ప్రాణం లేదు. ప్రమాదమని రాసుకున్నారు. కావచ్చు. ఆ ట్యాంకుల్లో అంతకుముందూ మనుషులు పోయారు. కావాలని దింపారో లేదో నాకు తెలియదు, రుజువు చెయ్యలేను. ఇన్నేళ్ళుగా ఆ తెలియదన్న మాట నోట్లోనే ఉంది, అది గురువుగారు నేర్పిన తెలియదు లాంటిది కాదు.

నర్సింలు సాయంత్రం గుడికి వచ్చి బెంచీ మీద కూర్చుని, నేల చూస్తూ ఒక్క మాటన్నాడు.

"మనమిద్దరం బతికినం అయ్యగారూ."

మొదటి వరుస

నాలుగు రోజులకు పండుగ. ముఖ్య అతిథి వచ్చాడు. మెడలో దండ వెయ్యవలసింది నేనే. వేశాను. ఆయన మెడకు నా వేళ్ళు తగిలాయి. ఆ స్పర్శ తలచుకుంటే ఇప్పటికీ చెయ్యి కడుక్కోవాలనిపిస్తుంది. మొదటి వరుసలో కుర్చీ మీద కూర్చుని డ్రామా అంతా చూశాడు. శాంతయ్య, నేను గూడ వచ్చి మొక్కుత అన్నప్పుడు అందరితో పాటు నవ్వాడు. చప్పట్లు కూడా కొట్టాడు. నేను తెర పక్కన నిలబడి ఆయన్నే చూస్తున్నాను.

వెళ్ళేటప్పుడు నన్ను పక్కకు పిలిచాడు.

"చాలా బాగుంది పాస్టరుగారూ. పిల్లల్ని చంపించిన ఘట్టం పెట్టలేదేం?" అని అడిగాడు.

పండుగ కదండీ అన్నాను.

"మంచి పని చేశారు," అని భుజం తట్టాడు.

ఆ రాత్రి నిద్రపట్టిందో లేదో రాయను. ఆయన ఆ మాట అమాయకంగా అన్నాడో, తెలిసి అన్నాడో అదీ నాకు తెలియదు. ఆయన చెప్పింది మాత్రం నిజం. మా ఊళ్ళోనే కాదు, నేను చూసిన అన్ని ఊళ్ళలోనూ జ్ఞానులు కానుకలిచ్చాక డ్రామా అయిపోతుంది, మిఠాయి పంచుతారు. వాళ్ళు రాజు ఇంట్లో దారి అడగడం వల్ల ఆ తర్వాత బెత్లెహేములో ఏం జరిగిందో ఎవరం చూపించం. నేనూ అన్నేళ్ళూ అదే చేశాను.

మరుసటి ఏడు ఆ ఘట్టం పెట్టాలన్నాను. శాంతయ్య అడ్డం తిరిగాడు. పండుగ పూట ఏడుపు ఎందుకని రెండు వారాలు నాతో మాట్లాడలేదు. కత్తులు, రక్తం ఏమీ లేవు. జ్ఞానులు వేరే దారిన వెళ్ళిపోయాక, సంఘంలోని తల్లులు ఒక వరుసలో వచ్చి నిలబడి, ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టి తమ బిడ్డను పిలుస్తారు. జవాబు రాదు. అంతే ఘట్టం. మొదటి తల్లి పిలవవలసిన పేరు నేను రాసిచ్చాను. సుదామ. అదేం పేరు, యూదుల పేరు కాదు, మన పేరూ కాదు అని శాంతయ్య అడిగితే, ఉండనియ్యి అన్నాను. ఆ మధ్యాహ్నం నర్సింలు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మొదటి పేరు వినగానే భుజాన ఉన్న తువ్వాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆట అయ్యాక కిరీటాలు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో సర్దుకుని వెళ్ళాడు. అతని బావిలో నీళ్ళు తర్వాత కూడా తెల్లబడలేదు. కొన్నేళ్ళకు పొలం అమ్మి అత్తగారి ఊరైన గుమ్మడిదలకు వెళ్ళిపోయాడు. పెట్టె మాత్రం మా గుడికి ఇచ్చేశాడు.

ఇప్పుడు ఆ గుడిలో ఉన్న కుర్ర పాస్టరు మొన్న నా దగ్గరకు వచ్చాడు. బాగా చదువుకున్నవాడు. జ్ఞానులు రాజులు కారు కదా అయ్యగారూ, కిరీటాలు తీసేద్దామా అని అడిగాడు. తల్లుల ఘట్టం చూసి చిన్నపిల్లలు జడుసుకుంటున్నారు, ఆ మొదటి పేరు ఎవరికీ అర్థం కావడం లేదు, అది కూడా తీసేద్దామా అన్నాడు. అతనికి ఇదంతా నోటితో చెప్పలేక ఇలా రాస్తున్నాను.

బాబూ, వాళ్ళు ఏ దేశం వాళ్ళో, ఎందరో నాకు ఖాయంగా తెలియదు. మంచివాళ్ళు, చదువుకున్నవాళ్ళు, పెద్దమనిషిని అడిగితే పని అవుతుందని నమ్మినవాళ్ళు. అంతవరకు నాకు బాగా తెలుసు. నువ్వు ఎవరి ఇంటికైనా రాయబారం వెళ్ళే ముందు, నీ మాట వల్ల ఎవరి తలుపు తడతారో లెక్క పెట్టుకుని వెళ్ళు. నీకు పేరు తెలియనివాణ్ణి కూడా ఆ లెక్కలో వేసుకో. కిరీటాలు తీసేస్తే తీసెయ్యి, నేనేమీ అనుకోను. ఆ పేరు మాత్రం తియ్యకు. ఒరిస్సాలో ఎక్కడో జబ్బుతో ఉన్న ఒక తల్లి పిలవవలసిన పిలుపు అది. ఆమెకు కబురు ఎవరు చెప్పారో, అసలు చెప్పారో లేదో నాకు తెలియదు.